టోల్‌గేటు వెనక లెక్క: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రోడ్లు, విమానాశ్రయాలు, ఆసుపత్రుల వంటి మౌలిక వసతుల్లో ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం గురించి తిరుపతి, చిత్తూరు ప్రాంతాల పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపేశాం. పేర్లు వదిలి, ఊళ్లు మాత్రం ఇచ్చాం.

*

ప్రశ్న: తిరుపతి నుంచి పుత్తూరు రావాలంటే ఎస్వీ పురం దగ్గర టోలు కట్టాలి. బండి కొన్నప్పుడే జీవితకాల పన్ను కట్టాం, డీజిలు పోయించుకున్న ప్రతిసారీ సెస్సు కడుతున్నాం. ప్రభుత్వమే రోడ్డు వేస్తే ఈ మూడో బాదుడు ఉండదు కదా? చేతిలో డబ్బు లేకనే ప్రైవేటు వాళ్లకు ఇస్తున్నారా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పుత్తూరు

జవాబు: మాస్టారూ, మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి. టోలు వసూలు చేస్తున్నంత మాత్రాన ఆ రోడ్డు ప్రైవేటు పెట్టుబడితో వేసినదని అనుకోనక్కర లేదు. 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనల ప్రకారం ప్రభుత్వం సొంత డబ్బుతో వేసిన నాలుగు వరుసల రహదారి మీద కూడా టోలు ఉంటుంది. ధర కట్టే పద్ధతి కూడా ఒకటే. 2007–08 సంవత్సరానికి కారుకు కిలోమీటరుకు 65 పైసలని మూల ధర పెట్టుకుని, ఏటా దాని మీద 3 శాతంతో పాటు టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతాన్ని కూడా కలుపుతూ పోతారు. కాబట్టి ప్రభుత్వమే వేసి ఉంటే టోలు ఉండేది కాదన్న మాట నిలవదు.

ఇక డబ్బు లేకనేనా అన్నది అసలు ప్రశ్న. ప్రైవేటు సంస్థ తెచ్చేది పెట్టుబడే కాని విరాళం కాదు. ఆ పెట్టుబడి వడ్డీతో, లాభంతో తిరిగి వెళ్లవలసిందే. దాన్ని తీర్చేది రోడ్డు వాడేవారైనా కావాలి, పన్ను కట్టేవారైనా కావాలి. మూడో వారు లేరు. పైగా ప్రభుత్వానికి దొరికినంత చవకగా అప్పు ఏ కంపెనీకీ దొరకదు. ఆ తేడా ఎంతో చూడడానికి ఒక ఊహా లెక్క వేద్దాం. వంద కోట్ల పనికి ప్రభుత్వం ఏడున్నర శాతం వడ్డీకి అప్పు తెచ్చి పదిహేనేళ్లలో సమాన వాయిదాల్లో తీరిస్తే ఏటా సుమారు 11.33 కోట్లు కట్టాలి. అదే పనికి కంపెనీ తెచ్చిన అప్పు మీద వడ్డీ, వాటాదారులు ఆశించే లాభం కలిపి సగటున 11 శాతం పడిందనుకుంటే ఏటా సుమారు 13.91 కోట్లు కావాలి. ఏడాదికి రెండున్నర కోట్లకు పైగా తేడా. ఈ తేడా పూడాలంటే, ప్రభుత్వ శాఖ వంద కోట్లు పెట్టే పనిని ఆ కంపెనీ దాదాపు 81.5 కోట్లకే, అంతే నాణ్యతతో చేయగలగాలి.

చేయగలదా అంటే, కొన్నిచోట్ల చేయగలదు. మామూలు టెండరులో కాంట్రాక్టరు రోడ్డు వేసి, లోపాల బాధ్యత గడువు తీరగానే వెళ్లిపోతాడు. ఆ తరవాత గుంతలు పడితే మరమ్మతులకు బడ్జెట్‌లో డబ్బు దొరికేదాకా ఆగాలి. డిజైను నుంచి నిర్వహణ దాకా పాతికేళ్లు ఒకే సంస్థ చేతిలో ఉంటే, కింది పొరల్లో ఇవాళ కక్కుర్తి పడితే పదో ఏట తానే తిరిగి వేసుకోవాలన్న భయం దానికి ఉంటుంది. గడువులు జారిపోవడం, అంచనాలను రెండు మూడు సార్లు సవరించడం ప్రభుత్వ పనుల్లో కొత్త కాదు గనుక, 18 శాతం ఆదా అసాధ్యమని కొట్టిపారేయలేం. కాని అది ప్రతి ప్రాజెక్టుకూ విడిగా రుజువు కావలసిన విషయం. ప్రైవేటు అయితే సమర్థంగా ఉంటుందనే నమ్మకం మీద వదిలేయదగింది కాదు.

బయటకు చెప్పని కారణం ఇంకొకటి ఉంది. 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం, రాష్ట్రాలు చేసుకున్న అటువంటి చట్టాలు ప్రభుత్వాల అప్పుకు హద్దు పెట్టాయి. ప్రభుత్వమే అప్పు తెచ్చి రోడ్డు వేస్తే అది ఈ ఏడాది లెక్కలోనే కనిపిస్తుంది. కంపెనీ తెచ్చి వేస్తే, రాబోయే పదిహేనేళ్లు ప్రభుత్వం కట్టబోయే వాయిదాలు ఆ పద్దులో అప్పుగా కనిపించవు. వర్ధమాన దేశాల్లో ఈ పద్ధతికి ఇంత ఆదరణ రావడంలో ఈ వెసులుబాటుది పెద్ద పాత్ర. నా దృష్టిలో ఒక ప్రాజెక్టును భాగస్వామ్యంలోకి నెట్టడానికి అన్నింటికన్నా బలహీనమైన కారణం ఇదే. అప్పు పోలేదు, కంటికి కనపడకుండా పోయింది, అంతే.

మీ ఇల్లు టోల్‌గేటుకు 20 కిలోమీటర్లలోపు ఉండి, సొంత వాడకపు కారు అయితే, సర్వీసు రోడ్డు గాని ప్రత్యామ్నాయ రోడ్డు గాని లేనిచోట స్థానికుల నెలవారీ పాసు తీసుకోవచ్చు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో మొదలైన వార్షిక పాసు కూడా సొంత కార్లకు ఉంది. అది ఏడాదికి గాని 200 ప్రయాణాలకు గాని, ఏది ముందైతే అంతవరకు.

*

ప్రశ్న: మా మండలం మీదుగా బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ వే పని జరుగుతున్నది. దీన్ని ‘హామ్’ పద్ధతిలో వేస్తున్నారని ఇంజనీర్లు చెప్పారు. అంటే ఏమిటి? రోడ్డు కంపెనీదా, ప్రభుత్వానిదా? రేపు బండ్లు తక్కువ తిరిగితే నష్టం ఎవరిది?
– మామిడి రైతు, బంగారుపాళెం

జవాబు: రోడ్డు ప్రభుత్వానిదే. ఏ పద్ధతిలోనైనా కంపెనీకి దక్కేది కొన్నేళ్ల హక్కు మాత్రమే, భూమి మీద యాజమాన్యం కాదు. మీ చివరి ప్రశ్నే అన్నింటిలోకి ముఖ్యమైనది గనుక అక్కడినుంచి మొదలుపెడతాను.

పూత రాకముందే తోటను వ్యాపారికి గుత్తకు ఇవ్వడం మీకు తెలిసిన పనే. ఆ తరవాత పూత మాడినా, గాలివానకు కాయ రాలినా, గుజ్జు ఫ్యాక్టరీలు తోతాపురి ధర దించేసినా పోయేది గుత్తదారుకు. పంట విరగకాస్తే లాభమూ అతనిదే. దేశంలో 2005 తరవాత పెద్ద ఎత్తున జరిగిన ‘బీఓటీ’ పద్ధతి, అంటే కంపెనీ కట్టి, నడిపి, గడువు తీరాక తిరిగి అప్పగించే పద్ధతి, ఇటువంటిదే. కంపెనీ తన డబ్బుతో, బ్యాంకు అప్పుతో రోడ్డు వేసి, ఇరవై ముప్ఫై ఏళ్లు టోలు వసూలు చేసుకుంటుంది. బండ్లు తిరగకపోతే నష్టం దానిది. మరీ కఠినంగా ఉండకూడదని నమూనా ఒప్పందంలో ఒక సర్దుబాటు పెట్టారు: నిర్ణీత తేదీ నాటికి రద్దీ అనుకున్నదానికన్నా ఒక శాతం తగ్గితే గడువు ఒకటిన్నర శాతం పెరుగుతుంది, ఒక శాతం మించితే గడువు ముప్పావు శాతం తగ్గుతుంది. దీనికి పై హద్దులు కూడా ఉన్నాయి.

కాగితం మీద బాగున్న ఈ ఏర్పాటు ఎక్కడ చెడిందో మీరు ఊహించగలరు. గుత్తదారు అప్పు తెచ్చి గుత్త కట్టి, పంట పోయాక చేతులెత్తేస్తే, కాగితంలో ఏం రాసుకున్నా తోట యజమానికి చిక్కు తప్పదు. 2008 నుంచి 2012 దాకా దేశ ఆర్థికం ఇలాగే పరుగెడుతుందన్న ధీమాతో కంపెనీలు పోటీలు పడి టెండర్లు వేశాయి. ప్రభుత్వం నుంచి సాయం అడగడం మాని, తామే ప్రభుత్వానికి ఏటా ఎదురు సొమ్ము (ప్రీమియం) కడతామని వచ్చినవి కూడా ఉన్నాయి. తరవాత వృద్ధి మందగించింది. భూసేకరణ, అటవీ అనుమతులు ఏళ్ల తరబడి ఆగాయి. పని ఆగినా వడ్డీ ఆగలేదు. ఆ అప్పులు ఇచ్చినవి ఎక్కువగా ప్రభుత్వరంగ బ్యాంకులు. రెండు మూడేళ్లకు డిపాజిట్లు తీసుకుని ఇరవయ్యేళ్లకు అప్పివ్వడం వాటి స్వభావానికే సరిపడని పని. కంపెనీల పద్దులు, బ్యాంకుల పద్దులు రెండూ ఒకేసారి చెడిపోవడాన్ని 2016–17 ఆర్థిక సర్వే ప్రధాన సమస్యగా ఎత్తిచూపింది. మౌలిక వసతులకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ సంస్థ 2018లో వాయిదాలు కట్టలేక కూలింది. కంపెనీ మీద పెట్టామనుకున్న నష్టం బ్యాంకుల గుండా తిరిగివచ్చి, వాటికి మూలధనం పోసిన ప్రభుత్వ ఖజానా మీద, అంటే మన మీద పడింది. 2015లో విజయ్ కేల్కర్ కమిటీ చెప్పిన మాటల సారాంశం కూడా ఇదే: ఏ రిస్కును ఎవరు మోయగలరో చూసి వారికే అప్పగించాలి. మోయలేనివారి మీద పెడితే అది అక్కడ ఉండదు.

అందుకే 2016లో హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి వచ్చింది. మీరు విన్న ‘హామ్’ అదే. ఇందులో ఖర్చులో 40 శాతాన్ని నిర్మాణం సాగుతుండగానే ప్రభుత్వం విడతలవారీగా ఇస్తుంది. మిగతా 60 శాతాన్ని కంపెనీ తెచ్చుకోవాలి. ఆ మొత్తాన్ని రోడ్డు పూర్తయ్యాక పదిహేనేళ్లపాటు ఆరు నెలలకొకసారి వడ్డీతో కలిపి ప్రభుత్వం తీరుస్తుంది. నిర్వహణకు విడిగా చెల్లిస్తుంది. టోలు వసూలైతే అది ప్రభుత్వ ఖాతాకు పోతుంది. కాబట్టి మీ ఎక్స్‌ప్రెస్ వే మీద బండ్లు తక్కువ తిరిగితే నష్టం పూర్తిగా ప్రభుత్వానిదే. సకాలంలో కట్టకపోయినా, రోడ్డు సరిగా ఉంచకపోయినా నష్టం కంపెనీది. 80 శాతం భూమి చేతికి వచ్చేదాకా పని మొదలు తేదీ ఖరారు కాకూడదన్న షరతు కూడా పెట్టారు; పాత ఒప్పందాల్లో సగం తగాదాలు భూమి దగ్గరే పుట్టాయి మరి.

ఏ ఊరి మీదుగా రోడ్డు పోవాలో, ఎన్ని బండ్లు వస్తాయో తేల్చే నిర్ణయాలు ప్రభుత్వానివి గనుక రద్దీ రిస్కు ప్రభుత్వం మీదే ఉండడం న్యాయమని నా అభిప్రాయం. కాని దీనికో వెల ఉంది. రద్దీతో పని లేనప్పుడు, అవసరం లేని చోట ఆరు వరుసల రోడ్డు వేయమన్నా కంపెనీ అభ్యంతరం చెప్పదు. బీఓటీలో ఆ అభ్యంతరం దానంతట అదే వచ్చేది, టెండరు వేసేవారే ఉండేవారు కాదు.

*

ప్రశ్న: గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అంటే నిర్వచనం తెలుసు కాని, అది ఆచరణలో ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చెప్పగలరా?
– విద్యార్థిని, తిరుపతి

జవాబు: సమాజానికి అవసరమే అయినా టిక్కెట్టు డబ్బుతోనో టోలు డబ్బుతోనో గిట్టుబాటు కాని ప్రాజెక్టుకు, ఆ లోటు మేరకు ప్రభుత్వం ఒకసారి ఇచ్చే మూలధన సాయం ఇది. కేంద్రం 20 శాతం దాకా, ప్రాజెక్టు చేపట్టిన రాష్ట్రం గాని శాఖ గాని మరో 20 శాతం దాకా ఇవ్వవచ్చు. ఎవరు తక్కువ సాయం అడిగితే వారికే టెండరు.

ఉదాహరణకు హైదరాబాద్ మెట్రో కన్నా మంచిది దొరకదు. 2008లో టెండర్లు పిలిచినప్పుడు మేటాస్ సంస్థ సాయం అక్కర లేదని, పైగా గడువు కాలంలో తామే రాష్ట్రానికి సుమారు 30,311 కోట్లు కడతామని చెప్పి దక్కించుకుంది. డెవలపర్ చూపు రైలు మీద కన్నా దానితో పాటు వచ్చే భూమి మీద ఉందని ఢిల్లీ మెట్రో సారథి ఇ. శ్రీధరన్ అప్పుడే ప్రణాళికా సంఘానికి రాశారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడడంతో అదే కుటుంబానికి చెందిన మేటాస్ నిధులు సమకూర్చుకోలేకపోయింది, ఒప్పందం రద్దయింది. 2010లో మళ్లీ పిలిస్తే ఎల్ అండ్ టీ 1,458 కోట్ల సాయం అడిగి గెలిచింది. ఒకే ప్రాజెక్టు, రెండేళ్ల తేడాలో ఒకరు వేల కోట్లు ఇస్తామంటే, ఇంకొకరు పద్నాలుగు వందల కోట్లకు పైగా కావాలన్నారు. అతిగా ఆశపెట్టే టెండరును చూసి ప్రభుత్వాలు సంబరపడకూడదని దీని అర్థం. రెండో టెండరు కూడా సాఫీగా సాగలేదు: 2017 నవంబరులో రైళ్లు మొదలైనా నష్టాలు వెంటాడాయి, 2025 సెప్టెంబరులో మొదటి దశను తానే తీసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది.

*

ప్రశ్న: రేణిగుంట విమానాశ్రయాన్ని అమ్మేస్తారంటున్నారు. నిజమేనా?
– వ్యాపారి, రేణిగుంట

జవాబు: అమ్మకం కాదు. 2021 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన ఆరు లక్షల కోట్ల జాతీయ ఆస్తుల ద్రవ్యీకరణ (ప్రభుత్వ ఆస్తులను లీజుకిచ్చి డబ్బు సమకూర్చుకునే) ప్రణాళికలో లీజుకు ఇవ్వదలచిన 25 విమానాశ్రయాలున్నాయి. వాటిలో తిరుపతి పేరుతో ఉన్న మీ రేణిగుంట విమానాశ్రయం కూడా ఉంది. లీజు గడువు తీరాక ఆస్తి తిరిగి వస్తుంది. 2019లో ఆరు విమానాశ్రయాలను ఇచ్చినప్పుడు, ఒక్కో ప్రయాణికుడికి ఎంత చొప్పున ప్రభుత్వ సంస్థకు చెల్లిస్తారన్నదే గెలుపు ప్రమాణం.

మీరు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి: ఒప్పందంలో ప్రభుత్వం తన చేతులు ఎంతవరకు కట్టేసుకుంటుంది? శంషాబాద్‌లో 150 కిలోమీటర్ల పరిధిలో పోటీ విమానాశ్రయం ఉండకూడదని ఒప్పుకున్నారు. 2008 మార్చిలో అది తెరుచుకోగానే నగరం మధ్యనున్న బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. రాష్ట్రం 5,000 ఎకరాలకు పైగా భూమిని లీజుకిచ్చి, 315 కోట్ల వడ్డీలేని అప్పు, 107 కోట్ల గ్రాంటు కూడా ఇచ్చింది. మంచి విమానాశ్రయమే వచ్చింది, కాదనను. కాని అది ప్రైవేటు డబ్బుతోనే వచ్చిందని చెప్పడం సగం నిజం. రోడ్డు మీద మూడు గంటల దూరంలో చెన్నై ఉన్న రేణిగుంటకు ఇటువంటి పోటీ షరతు ఎలా రాస్తారన్నది వ్యాపారులు కనిపెట్టి ఉండవలసిన సంగతి.

*

ప్రశ్న: మదనపల్లెతో సహా రాష్ట్రంలో పది కొత్త వైద్య కళాశాలలను భాగస్వామ్య పద్ధతిలో ఇవ్వాలని 2025లో ప్రభుత్వం నిర్ణయించింది. రోడ్డుకు సరిపోయే పద్ధతి ఆసుపత్రికి సరిపోతుందా?
– స్టాఫ్ నర్సు, మదనపల్లె

జవాబు: పూర్తిగా సరిపోదు. నిధులు లేక భవనాలు మధ్యలో ఆగిపోవడం కన్నా ఇది మేలని ప్రభుత్వం అంటున్నది. పేదల వైద్యం, వైద్య విద్య వ్యాపారుల చేతికి పోతాయని ప్రతిపక్షం అంటున్నది. ఆ వాదనల సంగతి పాఠకులకు తెలుసు గనుక వాటి జోలికి పోను. రోడ్డు ఎంత గరుకుగా ఉందో యంత్రం పెట్టి కొలవవచ్చు, తేడా వస్తే వాయిదాలో కోత వేయవచ్చు. ఆసుపత్రిలో మంచాలు లెక్కపెట్టవచ్చు కాని, రాత్రి పూట వచ్చిన పేద రోగిని ‘ఐసీయూలో ఖాళీ లేదు, తిరుపతి రుయా పెద్దాసుపత్రికి పోండి’ అని పంపిస్తే అది ఏ పద్దులోనూ ఎక్కదు. ఈ సంగతి మీకు నేను చెప్పనక్కర లేదు. కొలవలేని దాన్ని ఒప్పందంలో రాసి అమలు చేయించడం కష్టం గనుక భవనాలు, పరికరాలు, శుభ్రత వంటివి భాగస్వామికి ఇచ్చి, రోగుల చేరిక మీద అధికారాన్ని ప్రభుత్వమే ఉంచుకోవడం మేలని నా అభిప్రాయం. 2020 నవంబరులో కేంద్రం సామాజిక రంగానికి లోటు సాయాన్ని (పైన చెప్పిన వయబిలిటీ గ్యాప్ ఫండింగ్) పెంచింది. ఆరోగ్య, విద్యా రంగాల్లో ప్రయోగాత్మక ప్రాజెక్టులకు కేంద్రం 40, రాష్ట్రం 40 శాతం దాకా మూలధనం ఇవ్వవచ్చు. ఎనభై శాతం ప్రజల డబ్బే పెట్టగలిగిన చోట, ఉచిత మంచాలు ఎన్ని, ఏ సీటుకు ఏ ఫీజు అన్నవి ఒప్పందంలో అంకెలతో సహా ఉండాలని అడగడం అత్యాశ కాదు.

*

ప్రశ్న: తిరుపతిలో శ్రీనివాస సేతు మీద టోలు లేదు. అన్నిచోట్లా అలా ఎందుకు కట్టరు?
– ఆటో డ్రైవరు, తిరుపతి

జవాబు: 2023లో పూర్తయిన ఆ వంతెనకు డబ్బు పెట్టినవారు టీటీడీ, స్మార్ట్ సిటీ కార్పొరేషన్. కాంట్రాక్టరు కట్టి, బిల్లు తీసుకుని వెళ్లాడు. ఊళ్లోని వంతెన మీద టోలు పెడితే బండ్లన్నీ కిందినుంచే పోతాయి, కట్టిన ప్రయోజనమే దెబ్బతింటుంది. అటువంటి చోట ఇదే సరైన పద్ధతి. కాని ప్రతి ఊరికీ టీటీడీ ఉండదు.

*

ప్రశ్న: ఇటువంటి ఒప్పందాలను మామూలు పౌరుడు చూడవచ్చా? చూస్తే అందులో ఏం వెతకాలి?
– న్యాయవాది, చిత్తూరు

జవాబు: చూడవచ్చు. రాయితీలు, అనుమతులు పొందినవారి వివరాలను ప్రభుత్వ సంస్థలు తమంతట తామే వెల్లడించాలని సమాచార హక్కు చట్టంలోని 4వ సెక్షన్ చెబుతుంది. అడిగితే వ్యాపార రహస్యమంటూ 8(1)(డి) కింద నిరాకరించే అవకాశం ఉంది. అయితే విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని అదే సెక్షన్‌లో ఉంది. సంతకాలైన ఒప్పందంలో చెల్లింపుల షరతులు వ్యాపార రహస్యమన్న వాదనకు బలం తక్కువ.

వందల పేజీల్లో మొదట వెతకవలసింది రద్దు చెల్లింపుల అధ్యాయం. టోలు రోడ్ల నమూనా ఒప్పందం ప్రకారం, రోడ్డు నడుస్తున్న కాలంలో తప్పు కంపెనీదే అయి ఒప్పందం రద్దయినా, బీమా సొమ్ము పోను మిగిలిన అప్పులో 90 శాతాన్ని ప్రభుత్వ సంస్థే కట్టాలి. తప్పు ప్రభుత్వానిదైతే మొత్తం అప్పుతో పాటు సర్దుబాటు చేసిన వాటా మూలధనానికి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. బ్యాంకులు అప్పిచ్చే ధైర్యం ఇక్కడినుంచే వస్తుంది, ఖజానాకు ప్రమాదం కూడా ఇక్కడే ఉంది.

ఢిల్లీ విమానాశ్రయ మెట్రో విషయంలో ఏమైందో చూడండి. 2012లో నిర్మాణ లోపాల కారణంగా రైళ్లు ఆగాయి, దాన్ని నడుపుతున్న ప్రైవేటు కంపెనీ ఒప్పందం నుంచి తప్పుకుంది, 2013 జులైలో ఢిల్లీ మెట్రో సంస్థ ఆ మార్గాన్ని తీసుకుంది. 2017లో మధ్యవర్తులు ఢిల్లీ మెట్రో సంస్థ ఆ కంపెనీకి సుమారు 2,800 కోట్లు చెల్లించాలన్నారు, 2021లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. వడ్డీతో కలిసి ఆ సొమ్ము 8,000 కోట్ల దరిదాపులకు చేరాక, 2024 ఏప్రిల్‌లో అదే కోర్టు క్యూరేటివ్ పిటిషన్ (తుది తీర్పును సరిదిద్దమని చివరిగా వేసే అర్జీ) మీద మధ్యవర్తుల ఆ తీర్పును కొట్టివేసింది. లోపాన్ని గడువులోగా సరిదిద్దారా లేదా, రద్దు నోటీసు చెల్లుతుందా అన్నదాని చుట్టూ తిరిగిన వివాదం ఇది.

ఆ తరవాత చూడవలసినవి, ప్రభుత్వం భూమిని, అనుమతులను ఏ తేదీకి అప్పగిస్తానని మాట ఇచ్చిందో చెప్పే నిబంధన, పని పరిధి మారితే అదనపు ఖర్చు ఎవరిదో చెప్పే నిబంధన. ప్రధాన ఒప్పందం మాత్రం అడిగితే అదొక్కటే చేతికి వస్తుంది. నిర్వహణ ప్రమాణాలు, జరిమానా లెక్కలు, గడువుల పట్టికలు షెడ్యూళ్లలో ఉంటాయి, తరవాతి మార్పులు అనుబంధ ఒప్పందాల్లో ఉంటాయి. కేంద్ర సంస్థ అయితే పది రూపాయల రుసుముతో పెట్టే ఆ దరఖాస్తులో మూడింటినీ పేరుపేరునా రాయండి.